గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే ఎలా?

పనీపాటా లేకుండా కూర్చున్నవాళ్లని చూస్తే 'ఏంటలా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నావ్' అంటాం. మరి గోళ్ల పనే నేర్చుకుని, గోళ్ల మీదే బతుకుదామని బోర్డు పెట్టిన అమ్మాయికి బేరాలు లేకపోతే? ఆమె కూడా గోళ్లు గిల్లుకోవాల్సిందే, పాపం! నవ్వులాటకి అన్నా ఇందులో నవ్వేంత విషయమేం లేదు. నెయిల్ టెక్నీషియన్‌గా కొత్తగా అడుగుపెట్టిన అమ్మాయికి మొదటి ఏడాదిలో పెద్ద పరీక్ష పనితనం కాదు... ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే మాల్‌లో చిన్న బల్ల వేసుకున్నా దారినపోయేవాళ్లు ఎవరో ఒకరు ఆగి చూస్తారు. అదే వేటపాలెం లాంటి ఊళ్లో?

వేటపాలెం అనగానే గుర్తొచ్చేవి మూడు. 1918లో పుట్టి, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులనో రప్పించుకుంటున్న సారస్వత నికేతనం గ్రంథాలయం. చేనేత మగ్గాలు. జీడిపప్పు. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చిన ఈ ఊరు అచ్చంగా చేతుల మీద బతికే ఊరు. జీడిగింజ పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది, నల్లబారుతుంది. అందుకే గింజలు కొట్టే ఆడవాళ్లు చేతులకు నూనో బూడిదో రాసుకుని పనిలోకి దిగుతారు. నేతగాళ్ల ఇళ్లలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే ఇల్లాలికి గోరు కాస్త పెరిగినా, అంచు గరుకుగా ఉన్నా పోగు తగులుకుంటుంది. సముద్రం వైపు నుంచి కాస్త లోపలికి వెళితే పత్తి తీతలు, మిరప కోతలు. తొడిమలు తీసే చేతికి పొడవాటి గోరు శత్రువే. దానికితోడు 'గోళ్లు పెంచితే ఇంటికి దరిద్రం' అనే నాయనమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

అలాంటి చోట 'జెల్ ఎక్స్‌టెన్షన్లు, నెయిల్ ఆర్ట్' అని బోర్డు పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం మూడో నెలకే నీరుగారిపోకుండా చూసుకోవడానికి ఇంకా ఎక్కువ కావాలి. ఉత్సాహం నిలవాలంటే అద్దం ముందు నిలబడి 'నేను సాధిస్తాను' అని వందసార్లు అనుకోమనే పుస్తకాలు బోలెడున్నాయి. వాటి సంగతి వదిలేద్దాం. ఈ వృత్తిలో ఉత్సాహాన్ని నిలబెట్టేవి వేరే ఉన్నాయి. ఒకటి గోరు పెరిగే లెక్క, రెండోది పంచాంగం.

మనకి కొత్తేం కాదు

ముందు ఇంట్లోవాళ్ల మాట. 'ఇంత చదువు చదివి ఒకళ్ల కాళ్లు పట్టుకోవడమా?' కొత్తగా మొదలుపెట్టినవాళ్ల మనసుని బేరాలు లేకపోవడంకన్నా ముందు దెబ్బతీసే మాట ఇదే. బేరాలు లేని రోజున అదే మాట మళ్లీ వినపడితే గోరుచుట్టు మీద రోకటిపోటే!

నిజానికి గోళ్ల అలంకారం మనకెప్పుడు కొత్త? గోరింటాకు అన్న పేరులోనే గోరుంది. ఆషాఢంలో ఒకసారి, అట్లతద్దికి ఒకసారి గోరింటాకు పెట్టుకోకపోతే ఆడపిల్లకి తోచదు. పెళ్లికొడుకుని చేసేటప్పుడు, పెళ్లికూతురిని చేసేటప్పుడు గోళ్లు తీయించడం మన దగ్గర ఒక వేడుక. దానికి నాయీబ్రాహ్మణులు రావాలి, వాళ్లకి తాంబూలం ఇవ్వాలి, కట్నం ఇవ్వాలి. మంగళవాయిద్యం మోగించేదీ చాలాచోట్ల వాళ్లే. అంటే మనకు పెళ్లిపనులు గోళ్ల దగ్గరే మొదలవుతాయన్నమాట. ఇక చీరాల ప్రాంతంలో భద్రాద్రి రాముడి కల్యాణానికి వడ్లను రోట్లో దంచకుండా, గోటితో ఒక్కో గింజా ఒలిచి తలంబ్రాలు పంపే భక్తులున్నారు. (ఆ మొక్కు ఉన్న ఇల్లాలికి ఆ రోజుల్లో అతికించే గోళ్లు అమ్మాలని చూడకండి. ఆమె పని అయ్యాక తనే వస్తుంది.)

కాళ్లు పట్టుకోవడం అంటారా... నర్సూ పట్టుకుంటుంది, చెప్పులు చూపించే సేల్స్‌మనూ పట్టుకుంటాడు. ఆ మాట అన్న అత్తయ్యకే ఒకసారి పాదాలు శుభ్రం చేసి, పగుళ్లు తీసి చూపిస్తే వాదన అక్కడితో ఆగిపోవచ్చు. పైగా అత్తయ్యలు ప్రచారంలో వాట్సప్‌కేం తీసిపోరు.

మూడు మిల్లీమీటర్లు

చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగమే. ఈ వ్యాపారానికి పెట్టుబడి అంటూ ఉంటే అది ఈ 3 మిల్లీమీటర్లే! ఇవాళ జెల్ పాలిష్ వేసుకున్న అమ్మాయికి మూడు వారాలు తిరిగేసరికి గోరు మొదట్లో రెండు మిల్లీమీటర్ల ఖాళీ కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ అయితే బరువు ముందుకు జరిగి, తగిలినప్పుడల్లా ఊడేలా ఉంటుంది. అప్పుడు ఆమె మూడింట్లో ఒకటి చేస్తుంది. మీ దగ్గరికి వస్తుంది, లేదా చీరాల వెళుతుంది, లేదా ఇంట్లో కూర్చుని పీకేసుకుంటుంది. మూడోది చేసిందంటే పైపొరతోపాటు గోరూ ఊడివస్తుంది. గోరు పల్చబడి, మండి, 'అమ్మో, ఆ జెల్ మంచిది కాదు' అని పదిమందికి చెబుతుంది. ఒక్క కస్టమర్ పోవడం కాదు, ఓ వీధి పోతుంది.

అందుకే కొత్త టెక్నీషియన్ రోజూ చూసుకోవాల్సిన లెక్క 'ఇవాళ ఎంతమంది వచ్చారు' అన్నది కాదు, 'ఎంతమంది మళ్లీ వచ్చారు' అన్నది. తేడా ఎంతో చూడండి. వారానికి నలుగురు కొత్తవాళ్లు వస్తున్నారు, కానీ ఎవరూ తిరిగి రావడం లేదు అనుకుందాం. ఏడాది తర్వాతా వారానికి నలుగురే. అలా కాకుండా వారానికి ఒక్కరే కొత్తగా వచ్చి, వాళ్లలో సగంమంది మీకే అలవాటు పడితే? ఏడాదికి 26 మంది. మూడు వారాలకోసారి వస్తే వారానికి దాదాపు తొమ్మిదిమంది. మన ఊళ్లలో మూడు వారాలకి ఎవరొస్తారు, నెలకోసారి వస్తే గొప్ప అంటారా... అయినా ఆరుగురు ఖాయం. మొదటి మూడు నెలల్లో రెండు దారులూ ఒకేలా కనిపిస్తాయి, అసలు రెండోదే దిగులుగా ఉంటుంది కూడా. చాలామంది చేతులెత్తేసేది సరిగ్గా అక్కడే.

దీనికి ఓ నోట్‌బుక్ చాలు. పేరు, వచ్చిన తేదీ, ఏం చేశారు, ఏ రంగు, చేతులతో ఏం పని చేస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలి. పద్దెనిమిదో రోజున చిన్న మెసేజ్. 'అక్కా, ఆఫరుంది రండి' అని కాదు. 'అక్కా, పక్కన ఎక్కడైనా లేచిందా? పీకకండి, వస్తే తీసేస్తాను' అని. మొదటిది అమ్మకం, రెండోది ఆరా. ఆరా తీసినవాళ్లని మన ఊళ్లలో మర్చిపోరు. ఆ నోట్‌బుక్‌లో ఒకే పేరు మూడోసారి రాసిన రోజున చేతికొచ్చే సత్తువ ఏ ప్రసంగమూ ఇవ్వదు.

వాడకం చూసి వేయాలి

ఈ పని నేర్పించే వీడియోలు చాలావరకు బయటి దేశాలవి. అక్కడి చేయి వేరు, మన చేయి వేరు. మనం ముద్ద కలుపుకోవాలి. చపాతీ పిండి పిసకాలి. బొట్టు పెట్టుకోవాలి, చంటిపిల్లకి స్నానం చేయించాలి. అందుకని మన దగ్గర పొట్టిగా, గుండ్రంగా ఉన్నదే నిలుస్తుంది. పొడవాటి వంపుల గోళ్లు ఫొటోకి బాగుంటాయి కానీ రెండో పూటకే ఆమెకి విసుగొస్తుంది.

ఇంకో సంగతి పసుపు. లేత రంగు జెల్ మీద పసుపు మరక పట్టిందంటే అంత తేలిగ్గా వదలదు. మే నెలలో ఆవకాయ కలపబోయే ఇల్లాలికి తెల్ల అంచుల ఫ్రెంచ్ మెనిక్యూర్ వేసి పంపితే నాలుగోనాటికి అది నారింజ రంగుకి తిరుగుతుంది. తప్పు ఆవకాయది కాదు! 'అమ్మా, పచ్చళ్లయ్యాక రండి, లేదంటే ముదురు రంగు వేస్తాను' అని చెప్పగలగాలి. ఒక రోజు బేరం పోతుంది నిజమే. సముద్రపు గాలి, ఉక్కపోత, తలనూనె... వీటివల్ల వేళ్లకి ఎప్పుడూ కాస్త జిడ్డు, చెమ్మ ఉంటాయి. గోరు పైభాగం సరిగ్గా శుభ్రం చేయకుండా బేస్ కోట్ వేస్తే వారానికే అంచులు లేస్తాయి. అప్పుడు డబ్బు పోసి ఖరీదైన బ్రాండ్ కొన్నా ఉపయోగం లేదు. రంగు వేయడానికన్నా ముందు పనికే ఎక్కువ సమయం పెట్టాలన్నది మన వాతావరణంలో మరింత నిజం.

మరి మగ్గం ఇళ్లవాళ్లు, జీడిపప్పు పనివాళ్లు కస్టమర్లు కారా అంటే... జెల్‌కి కారు. పాదాలకు అవుతారు. కొత్తగా వచ్చినవాళ్లు నెయిల్ ఆర్ట్ మోజులో పెడిక్యూర్‌ని చిన్నచూపు చూస్తారు కానీ పల్లెటూళ్లలో ఈ వృత్తికి అన్నం పెట్టేది పాదాల పగుళ్లే. పొలం గట్ల మీద తిరిగేవాళ్లు, రోజంతా నిలబడి పాఠాలు చెప్పే టీచరమ్మలు, శీతాకాలం వస్తే చీర అంచు మడమలకి తగులుకునే ప్రతి ఇల్లాలూ. వాళ్లకి రంగు అక్కర్లేదు, హాయి కావాలి. కండెలు చుట్టే ఆవిడకి గోరు అంచు నున్నగా, పోగు పట్టకుండా అరగదీసి ఇచ్చినా అది పనే, దానికీ ఓ ధర ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్ల పాదాల దగ్గర మాత్రం బ్లేడు, గట్టిగా రుద్దడం వద్దేవద్దు. స్పర్శ తెలియని పాదానికి చిన్న గాయమైనా పెద్దదవుతుంది. పుండు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.

పంచాంగం దగ్గర పెట్టుకోండి

పట్నం పార్లర్‌కి శని, ఆదివారాలుంటే చాలు. మన ఊళ్లో నెయిల్ టెక్నీషియన్‌కి తిథులు, మాసాలు కూడా తెలియాలి. మంగళవారం, శుక్రవారం గోళ్లు తీయకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. ఆ రెండు రోజులూ కుర్చీ ఖాళీగా ఉంటే అది మీ ఓటమి కాదు, వారం అంతే! ఆ రోజుల్ని సామాను తెచ్చుకోవడానికో, ప్రాక్టీసుకో ముందే కేటాయించుకుంటే దిగులు ఉండదు.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం... ముహూర్తాలుంటే ఊపిరాడదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. వీటికి తోడు శుక్ర మౌఢ్యమో గురు మౌఢ్యమో వస్తే మంచి మాసంలో కూడా పెళ్లిళ్లుండవు. మేకప్ ఆర్టిస్టు నుంచి ఫంక్షన్ హాలు దాకా అందరికీ ఆ రోజులు ఖాళీయే. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇది తెలియక, వైశాఖంలో వచ్చిన జనాన్ని చూసి అప్పు చేసి రెండో కుర్చీ కొంటుంది. ఆషాఢం రాగానే 'నాకు అచ్చిరాలేదు' అని ఏడుస్తుంది. ఏడాది పొడవునా ఒక్కసారి పంచాంగం తిరిగి రాకుండా ఏ నెలనీ చూసి తీర్పు చెప్పుకోకూడదు.

శూన్యమాసం అంటే పూర్తిగా శూన్యమా? కాదు. ఆషాఢంలో కొత్త కోడళ్లు పుట్టింటికి వస్తారు! పెళ్లికి మీరే గోళ్లు దిద్దిన అమ్మాయి ఊళ్లోనే నెలరోజులు ఉంటుంది. గోరింటాకు పెట్టుకుంటుంది కాబట్టి పాలిష్ అడగదు. గోటికి పట్టిన గోరింటాకు ఎరుపు కడిగితే పోయేది కాదు, గోరు పెరిగి కొసకి వచ్చేదాకా ఉంటుంది. కానీ గోరింటాకు పెట్టుకునే ముందు చేతులు, పాదాలు శుభ్రం చేయించుకోవడం ఎందుకు బాగుండదు? పుష్యంలో పెళ్లిళ్లు లేకపోతేనేం, సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉన్నవాళ్లంతా ఊరు చేరతారు. జెల్ అంటే ఏమిటో వాళ్లకి మీరు చెప్పనక్కర్లేదు. ఊళ్లో దొరుకుతుందని తెలిస్తే చాలు. అంతకుముందే డిసెంబరులో క్రిస్మస్. చర్చిలో పెళ్లి చేసుకునే అమ్మాయికి తెల్ల గౌను, చేతిలో పూలగుత్తి... ఫొటోల్లో అందరికన్నా ముందు కనిపించేది గోళ్లే. రంజాన్‌కి నమాజు ముందు వజూ చేసుకునేవాళ్లు నీళ్లు గోటికి తగలాలని పాలిష్ వద్దంటారు, మెహందీ అడుగుతారు. కోన్ పట్టడం వస్తే ఆ పనీ మీదే.

ఇంకో కస్టమర్ ఉంది. నెయిల్ టెక్నీషియన్ల వీడియోల్లో ఈమె కనిపించదు. సీమంతానికి జెల్ వేయించుకున్న ఏడో నెల గర్భిణి. ఆపరేషన్ ముందు ఆసుపత్రుల్లో గోళ్ల రంగు తీసేయమంటారు. గోటి సహజమైన రంగు చూడటానికి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగ్గా పనిచేయడానికి. మామూలు పాలిష్ దూదితో పోతుంది, జెల్ అలా పోదు. తొమ్మిదో నెల రాగానే ఫోన్ చేసి, ఇంటికెళ్లి జాగ్రత్తగా తీసేసి వచ్చిన టెక్నీషియన్ని ఆ ఇల్లు మర్చిపోతుందా? బారసాల రోజున మళ్లీ ఆమెకే కబురొస్తుంది.

ఇరవైమంది నుంచి...

అసలు ఊరూ పేరూ తెలియని చోట, భాష కూడా రానివాళ్లు ఇదే పనితో ఎలా నిలదొక్కుకున్నారో చూస్తే మన ఊళ్లో మనం పడే బాధ కాస్త చిన్నదిగా కనిపిస్తుంది. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక వేలమంది శరణార్థులు అమెరికా చేరారు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఓ శిబిరం ఉండేది. హిచ్‌కాక్ తీసిన 'ది బర్డ్స్'లో నాయిక టిప్పి హెడ్రెన్ అక్కడికి సాయం చేయడానికి వెళ్లేది. ఆ ఆడవాళ్లకి ఏ పని నేర్పాలా అని ఆమె తలపట్టుకుంటుంటే వాళ్లు మాత్రం ఆమె గోళ్లనే చూస్తున్నారట! దాంతో ఆమె తన సొంత మెనిక్యూరిస్టునే శిబిరానికి తీసుకొచ్చింది. ఇరవైమంది నేర్చుకున్నారు, పరీక్ష రాసి లైసెన్సులు తెచ్చుకున్నారు. వాళ్లు అక్కాచెల్లెళ్లకి, పిన్నమ్మ కూతుళ్లకి నేర్పారు. ఇవాళ అమెరికాలో నెయిల్ టెక్నీషియన్లలో దాదాపు సగంమంది వియత్నాం మూలాలవాళ్లే.

అప్పటిదాకా గోళ్ల అలంకారం సినిమావాళ్లకి, డబ్బున్నవాళ్లకి. వీళ్లు ధర తగ్గించి మామూలు ఉద్యోగినుల దగ్గరికి తీసుకెళ్లారు. చార్లీ వో అనే వియత్నాం శరణార్థి, ఒలివెట్ రాబిన్సన్ అనే నల్లజాతి మహిళ కలిసి లాస్ ఏంజెలిస్ దక్షిణ భాగంలో 'మ్యాన్‌ట్రాప్' పేరుతో వరసగా సెలూన్లు తెరిచారు. పెద్ద సెలూన్లు పట్టించుకోని నల్లజాతి మహిళలే వాళ్ల కస్టమర్లు. ఎవరూ అడగనివాళ్లని అడగడమే వాళ్లు చేసిన పని. మన పాదాల పగుళ్ల కథా అదే కదా!

ఈ కథకి రెండో ముఖం కూడా ఉంది. ధర తగ్గించడం ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగాలో తెలియదు. పక్క సెలూన్ తగ్గిస్తే వీళ్లు ఇంకాస్త తగ్గించాలి. చివరికి కోత పడేది పనిచేసే అమ్మాయి జీతంలోనే. 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అక్కడి నెయిల్ సెలూన్లలో జీతాల దోపిడీ గురించి వరస కథనాలు రాస్తే రాష్ట్ర ప్రభుత్వం అప్పటికప్పుడు చర్యలకు దిగాల్సి వచ్చింది. కాబట్టి చీరాల పార్లర్‌కన్నా యాభై తక్కువ అనే బోర్డు పెట్టేముందు బాగా ఆలోచించాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చుట్టాలకి, స్నేహితురాళ్లకి ఉచితంగా చేసిపెట్టడం కూడా ఇలాంటిదే. మొదటి పదిమందికి ప్రాక్టీసు కోసం చేస్తే చేయండి. కానీ 'ఇది ప్రాక్టీసు, దీని అసలు ధర ఇంత' అని ముందే చెప్పండి. ఉచితంగా అలవాటైన చేయి ఆ తర్వాత డబ్బు తీయాలంటే నొచ్చుకుంటుంది. ఆ నొప్పి మీకూ తగులుతుంది.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

దిగులుకి అసలు మూలం చాలాసార్లు అప్పు. అద్దాల గది, ఏసీ, పెద్ద సోఫా పెట్టి మొదలుపెడితే ఒకటో తారీఖు వచ్చిందంటే గుండె దడే. కస్టమర్ కోసం ఎదురుచూడటం వేరు, అద్దె కోసం కస్టమర్‌ని ఎదురుచూడటం వేరు. రెండోది మొహంలో తెలిసిపోతుంది. నెయిల్ టెక్నీషియన్‌కి ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే సామానంతా ఒక పెట్టెలో పడుతుంది. ఎల్ఈడీ ల్యాంపు, ఫైళ్లు, బఫర్లు, చిన్న డ్రిల్లు, బేస్ కోటు, టాప్ కోటు, ఓ ఇరవై రంగులు, అసిటోన్, మంచి దీపం. షహనాజ్ హుస్సేన్ అంతటావిడే 1970ల తొలినాళ్లలో ఢిల్లీలో తన ఇంటి వసారాలో మొదలుపెట్టారు. వేటపాలెంలో వసారాలకి కరువా?

పని నేర్చుకోవడానికి కూడా లక్షలు పోయనక్కర్లేదు. బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో బ్యూటీ పార్లర్ కోర్సును భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు. అందులో గోళ్ల పని కొంతే ఉంటుంది, జెల్, ఎక్స్‌టెన్షన్లు విడిగా నేర్చుకోవాలి. కానీ వాళ్ల దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది. కోర్సు అయిపోగానే సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయకుండా రెండేళ్లపాటు ఎలా ఉన్నారో కనుక్కుంటారు. కొత్తవాళ్లకి అసలు కావాల్సింది ఆ కనుక్కోవడమే. పెట్టుబడికి 2015లో మొదలైన ముద్ర పథకంలో 'శిశు' విభాగం కింద 50 వేల రూపాయల వరకు హామీ లేకుండా రుణం ఇస్తారు. పెట్టెడు సామానుకి అంతకన్నా అవసరం రాకూడదు. ఇంట్లో అమ్మో అత్తో డ్వాక్రా సంఘంలో ఉంటే అప్పుకే కాదు, బేరానికీ అదే దారి. సంఘంలో పదిమంది. ఒకరి పాదాలు బాగుపడితే వచ్చే సమావేశంలో మిగతా తొమ్మిదిమందీ కిందకే చూస్తారు.

'చేయను' అనడమూ పనితనమే

కొత్తలో ఎవరొచ్చినా వదలబుద్ధి కాదు. అయినా కొందరిని వెనక్కి పంపాలి. గోరుచుట్టు లేచినవాళ్లు, గోరు పచ్చబడి మందంగా పొరలు లేస్తున్నవాళ్లు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. పైన రంగు వేసి కప్పితే లోపల ముదురుతుంది, అదే పరికరం ఇంకొకరికి వాడితే వాళ్లకీ అంటుకుంటుంది. జెల్ సరిగ్గా గట్టిపడకుండా చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ వస్తుంది. ఒకసారి వస్తే జీవితాంతం ఉండొచ్చు. ఆ రసాయనాలతో తర్వాత పళ్ల డాక్టర్ దగ్గర కూడా ఇబ్బందే. రోజూ వాడే టెక్నీషియన్‌కి ఈ ముప్పు కస్టమర్‌కన్నా ఎక్కువ. గ్లవ్స్, మాస్కు, తెరిచిన కిటికీ తప్పనిసరి. జెల్ గట్టిపడటానికి వాడే టీపీఓ అనే రసాయనాన్ని ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. సీసా మీద ఏముందో చదవడం అలవాటు చేసుకోవాలి. పేరూ ఊరూ లేని చవక సీసా కొనడంకన్నా నాలుగు రంగులు తక్కువ ఉండటమే మేలు.

ఇలా 'ఇవాళ చేయను' అని కారణం చెప్పి పంపిన కస్టమర్ ఏం చేస్తుంది? అలిగి వెళ్లిపోవచ్చు. కానీ పిల్ల గోటికి ఏదైనా అయితే ముందు గుర్తొచ్చేది మీరే.

ఆ ఖాళీ గంటలు

ఎంత చెప్పుకున్నా ఖాళీ గంటలు ఖాళీ గంటలే. మధ్యాహ్నం మూడింటికి వీధిలో కుక్క తప్ప ఎవరూ ఉండరు. చేతిలో ఫోన్, అందులో ఎక్కడో ముంబయి అమ్మాయి చేసిన పని. చూస్తూ ఉంటే మనసు ఇంకా కుంగుతుంది. ఆ గంటల్లో టిప్పుల మీద రోజుకో డిజైన్ వేసి, తేదీ రాసి డబ్బాలో దాచుకుంటే మూడు నెలల తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. బేరాలు పెరగకపోయినా చేయి పెరిగినట్టు కంటికి కనిపిస్తుంది. వాట్సప్ స్టేటస్‌లో పెట్టేవి మాత్రం సొంత పనే అయ్యుండాలి. ఎవరివో ఫొటోలు పెట్టి పిలిస్తే వచ్చిన కస్టమర్ అదే అడుగుతుంది! చీరాల మేకప్ ఆర్టిస్టులు, మెహందీ వేసేవాళ్లు, రామాపురం బీచ్ రిసార్టులకి ఫొటోషూట్‌ల కోసం వచ్చే ఫొటోగ్రాఫర్లు... వీళ్లందరితో పరిచయం పెంచుకోవడానికి కూడా ఆ మధ్యాహ్నాలే మంచివి. ఉంగరం తొడిగే ఫొటో తీసేటప్పుడు గోళ్లు బాగోలేవని ముందు గొణిగేది ఫొటోగ్రాఫరే.

మీ ఇంట్లోనే ఇలాంటి అమ్మాయి ఉంటే మీకూ ఓ మాట. సాయంత్రం రాగానే 'ఇవాళ ఎంతొచ్చింది' అని అడగకండి. 'ఎవరొచ్చారు' అని అడగండి. రెండో ప్రశ్నకి చెప్పడానికి ఆమె దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

ఎంతకాలం చూడాలి? ఇది దాటవేయకూడని ప్రశ్న. మొదలుపెట్టే రోజే ఇంట్లో కూర్చుని తేల్చుకుంటే మంచిది. ఒక ఉగాది నుంచి మరో ఉగాది దాకా, చేతిలో ఉన్న ఇంత సొమ్ము వరకు అని. గడువు ముందే ఉంటే ప్రతి ఖాళీ సాయంత్రం 'మానేద్దామా' అన్న చర్చ ఉండదు. ఉగాదికి నోట్‌బుక్ తిరగేస్తే మళ్లీ మళ్లీ వచ్చిన పేర్లు పాతిక దాటితే రెండో కుర్చీ గురించి ఆలోచించొచ్చు. పది దగ్గరే ఆగితే బోర్డు తీసేసి, చీరాలలో నడుస్తున్న ఏదైనా పార్లర్‌లో ఓ మూల బల్ల అడిగి వారానికి మూడు రోజులు కూర్చోవచ్చు. ఆ పదిమందినీ మాత్రం వదులుకోనక్కర్లేదు. మిగతా రోజుల్లో వాళ్ల ఇళ్లకే వెళ్లొచ్చు. పెట్టె ఎలాగూ స్కూటీ డిక్కీలో పడుతుంది.